మా హాస్టల్ మేడ మీద తీతువు



ఏప్రిల్ మొదట్లో మా రూమ్ వాళ్లం బట్టలు ఆరేద్దామని మేడ ఎక్కితే ఒక పిట్ట అరుచుకుంటూ మా నెత్తి మీదకే వచ్చింది. అరుపు వినగానే తెలిసిపోయింది, తీతువు. ఊళ్లో మెట్ట చేలల్లో, చెరువు పక్కన నేల మీద గుడ్లు పెట్టే పిట్ట. విశాఖలో మూడో అంతస్తు పైన దీనికేం పని అనుకున్నాం. వెతికితే, ట్యాంకు రిపేరుకి తెచ్చి వదిలేసిన కంకరలో 4 గుడ్లు. గూడంటూ ఏమీ లేదు, చిన్న గుంట అంతే. మచ్చల గుడ్లు, కంకర రాళ్లలాగే ఉన్నాయి. కాస్తలో తొక్కేసేవాళ్లం.

హాస్టల్ పక్క ఖాళీ జాగా సగం ఇళ్లయిపోయింది, మిగతా సగంలో కుక్కలు. మేడ మీదకి కుక్క రాదు, ముంగిస రాదు. పిట్ట లెక్క పిట్టకుంది.

తీతువు అరిస్తే చావు కబురొస్తుందని వాచ్‌మన్ తాత గుడ్లు తీసి పారేయమన్నాడు. కొందరు ఫ్రెండ్స్ "మీరు ఆమ్లెట్ వేసుకుంటారు కదరా" అని నవ్వారు. నిజం చెప్పాలంటే చిన్నప్పుడు పశువులు కాసేటప్పుడు ఈ గుడ్లు కాల్చుకుని తిన్నవాళ్లమే. అందుకే ఆ మాట గుచ్చుకుంది. గుడ్లు పాడు చేసినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేటే అవుతుందని తాతకి చెప్పాం. ఊళ్లో ఫారెస్టోళ్లు మమ్మల్ని బెదిరించే చట్టమే, ఇక్కడ మాకు పనికొచ్చింది!

మధ్యాహ్నం ఎండకి కంకర కాలిపోయేది. పిట్ట ఎక్కడో నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చునేది. మేము ఒక పళ్లెంలో నీళ్లు పెట్టి, బట్టలు కిందే ఆరేసుకున్నాం.

పరీక్షలు అయ్యేసరికి 3 పిల్లలు వచ్చాయి. ఒక గుడ్డు మురిగిపోయింది. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. తీతువు పిల్లల నోటికి మేత పెట్టదు, పుట్టిన రోజే అవే నడిచి పురుగులు ఏరుకోవాలి. సిమెంటు మీద పురుగులేవి? పిట్టగోడ దాటలేవు, ఎగరడానికి నెల పైనే పడుతుంది. మర్నాటికి ఒకటి చచ్చిపోయింది. ఒక రోజు ఆలస్యం చేశాం, అది మా తప్పే.

మిగతా రెంటినీ బకెట్లో దింపి పక్క జాగాలో వదిలాం. తల్లీ తండ్రీ మా తలల మీదుగా అరుస్తూ వెంటే వచ్చి, పిల్లల దగ్గర వాలాయి. రెండు రోజులు కుక్కల్ని తోలుతూ కాపలా కాశాం.

సెలవులకి ఊరెళ్లే రోజు చూస్తే ఆ జాగాలో పునాదికి ముగ్గు పోసి ఉంది. పిల్లలు కనపడలేదు గానీ గడ్డి వైపు నుంచి అరుపు మాత్రం వినిపించింది.

మీ హాస్టల్ మేడల మీద కూడా ఈ పిట్ట పెడుతోందా? మీ మీ భాషల్లో దీన్నేమంటారో కూడా రాయండి.