ఛాడఖాయి నుంచి పోలి పాడ్యమి దాకా ఆగిన కోడి రెక్కలు

నవంబరు 23 ఆదివారం జీడితోటలో నిప్పుల మీద కాల్చిన తీపి కారం కోడి రెక్కలు ఎలా చేశారో రాయమని చాలామంది అడిగారు. ఎలా చేశామో రాయడం తేలికే. ఆ రోజే ఎందుకు చేశామో చెప్పకపోతే మాత్రం సంగతి సగమే చెప్పినట్టవుతుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

బరంపురంలో పుట్టి పెరిగిన మనకి కార్తీకమాసం రెండుసార్లు వస్తుంది. ఒడియా వారి నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. 2025లో వారి కార్తీకం అక్టోబరు 8న మొదలై నవంబరు 5 పున్నమితో అయిపోయింది. మనది అక్టోబరు 22న మొదలై నవంబరు 20 దాకా నడిచింది. రెండూ కలిసింది పదిహేను రోజులే. వారి చివరి ఐదు రోజులు పంచుక. ఆ రోజుల్లో కొంగ కూడా చేపను ముట్టదని సామెతగా చెబుతారు. పున్నమి తెల్లవారుజామున చెరువుల్లో పడవలు వదులుతారు. ఆ మర్నాడే ఛాడఖాయి. నెల్లాళ్ళు మానేసిన చేపా మాంసం మళ్ళీ ఇంటికొచ్చే రోజు. పొద్దున్నే మాంసం కొట్ల ముందు బారులు, మధ్యాహ్నానికి వీధంతా మసాలా ఘుమఘుమ. మన ఇళ్ళల్లో మాత్రం ఇంకా పదిహేను రోజుల కార్తీకం మిగిలే ఉంటుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మనలో చాలా కుటుంబాలు ఎక్కడికీ వలస రాలేదు. ఉన్నచోటే ఉన్నాం, గీత ఇచ్ఛాపురం దగ్గర పడింది. అప్పటినుంచి రెండు పంచాంగాలతో కాపురం చేస్తున్నాం. పెద్దవాళ్ళకి అలవాటైపోయింది. పిల్లలకి మాత్రం కష్టమే. స్నేహితులంతా ఒడియా పిల్లలు, బడిలో మాట ఒడియా. ఛాడఖాయి రోజున వాళ్ళు భోజనానికి పిలిస్తే మన పిల్లలు ఏమని చెబుతారు?

2024లో ఏం జరిగిందో మీకు తెలుసు. ఛాడఖాయి శనివారం, మన వనభోజనాలు మర్నాడు ఆదివారం. కొందరు పిల్లలు శనివారం స్నేహితుల ఇంట్లో తిన్నారు, ఫోటోలు పెట్టారు. మన గ్రూపులో ఒకరు, "మన పిల్లలు మన వాళ్ళు కాకుండా పోయారు" అని రాశారు. రాసింది ఒకరే అయినా, కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టింది మేమే. దాచుకోవడమెందుకు? మర్నాడు ఉసిరి చెట్టు కింద పులిహోర, గుమ్మడికాయ దప్పళం, పనసపొట్టు కూర అన్నీ ఉన్నాయి. ఆ పిల్లలు రాలేదు. వాళ్ళలో ఇద్దరి తల్లిదండ్రులు కూడా రాలేదు. గంగాళంలో దప్పళం సగం మిగిలిపోయింది.

ఈసారి దసరా తర్వాత సమావేశంలో ఇంజనీరింగు చదువుతున్న అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. "ఆంటీ, మీ కార్తీకం అయ్యేదాకా మేము ఆగుతాం. ఆ తర్వాత ఒక సాయంత్రం మేము వండుతాం. మీరు వచ్చి కూర్చుంటారా?" అని అడిగింది. 'మీ కార్తీకం' అన్న మాట దగ్గర మాకు చివుక్కుమంది. అయినా ఆగుతామన్నది వాళ్ళే కదా. సరే అన్నాం. నవంబరు 9న వనభోజనాలకి పిల్లలంతా వచ్చారు, వడ్డన కూడా వాళ్ళే చేశారు. ఇక మాట నిలుపుకోవలసింది మేము.

తేదీ కుదరడానికి మళ్ళీ రెండు పంచాంగాలు చూడాల్సి వచ్చింది. నవంబరు 21 పోలి పాడ్యమి, ఆ రోజు వద్దు. గురువారాలు ఒడియా వారికి మార్గశిర లక్ష్మీపూజ, మనలో చాలా ఇళ్ళల్లో కోడళ్ళు ఒడియా పిల్లలే, కాబట్టి గురువారమూ వద్దు. చివరికి 23 ఆదివారం ఖాయమైంది. చోటు మన సభ్యులొకరి జీడితోట, గోపాలపురం వైపు. సముద్రపు ఒడ్డున అయితే బాగుంటుందని పిల్లలు అడిగారు. ఋషికుల్య వైపు ఒడ్డు తాబేళ్ళది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. అది వాటి కాలం కాకపోయినా, ఆ ఒడ్డున మంట వేసే అలవాటు మనతో మొదలవకూడదనుకున్నాం.

ఇక వంట. కోడి రెక్కలంటే మన ఇళ్ళల్లో ఎవరూ అడిగి తినే ముక్క కాదు. కూరలో కాళ్ళు పిల్లలకి, మంచి ముక్కలు మగవాళ్ళకి పోగా, రెక్కా మెడా వండినావిడకి మిగిలేవి. అమెరికాలో బఫెలో అనే ఊళ్ళో 1964లో ఒక హోటలావిడ వీటిని వేయించి కారం సాసులో దొర్లించి పెట్టాక లోకమంతా ఎగబడిందంటారు. మన కొట్లలో ముందుగా చెప్పకపోతే కోడి తోలు మొత్తం ఒలిచేస్తారు. నిప్పుల మీద కాల్చాలంటే తోలు ఉండాలి. అదే లోపలి మాంసం ఎండిపోకుండా కాపాడుతుంది. నాలుగు రోజుల ముందే చెప్పి తోలుతో ఐదు కిలోలు తెప్పించాం. కిలోకి పన్నెండు, పదమూడు వచ్చాయి.

మొదటి వాయి మాడిపోయింది. పిల్లలు ఫోనులో చూసి కారం, అల్లంవెల్లుల్లి, పెరుగుతో పాటు బెల్లం కూడా ముందే కలిపి పట్టించారు. ఎర్రగా మంట లేస్తుంటే దాని మీదే జాలీ పెట్టేశారు. కొవ్వు కరిగి చుక్కలు పడ్డకొద్దీ మంట ఎగసింది. ఐదు నిమిషాల్లో పైన బొగ్గు, ఎముక దగ్గర పచ్చి నెత్తురు. పద్దెనిమిది రెక్కలు పోయాయి. ఎవరూ నోరు విప్పలేదు. ఆ అమ్మాయి ముఖం చూస్తే పోయినేడాది దప్పళం గుర్తొచ్చింది మాకు.

అప్పుడు దూరంగా కుర్చీలో కూర్చున్న మామ్మగారు పిలిచారు. ఆవిడ నీచు ముట్టరు. పిల్లలు వండుతున్నారంటే చూడ్డానికి వచ్చారు, అంతే.

"ఒరే, పాకం ముందు పూస్తార్రా ఎవరైనా? అరిసెల పాకం పొయ్యి మీద రెండు నిమిషాలు ఏమరితే మాడిపోతుంది. మంట మీద పెడితే ఉంటుందా? దింపే ముందు పూయండి. ముందు ఆ మంట చావనివ్వండి."

"హౌ మామ్మా" అన్నాడొకడు. మిగతా రెక్కలకి పట్టించిన బెల్లం ముద్దంతా చేత్తో తుడిచేశారు.

తర్వాత చేసిన పద్ధతి ఇది. జీడాకులు చుట్టూ ఊడ్చేసి, బకెట్టు నీళ్ళు, ఇసుక దగ్గర పెట్టుకున్నాం. సరుగుడు కట్టెలు గంటసేపు మండనిచ్చి, మంట ఒక పక్కకి నెట్టి, రెండో పక్కకి నిప్పులు లాగి పరిచాం. మంట పక్కన కొత్త నిప్పులు తయారవుతుంటాయి, వంట ఎప్పుడూ నిప్పుల పక్కనే. జాలీ ఎత్తులో అరచెయ్యి పెట్టి నాలుగు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే వేడి సరిగ్గా ఉన్నట్టు. రెండు లెక్కకే చెయ్యి లాగేస్తే నిప్పులు పలచన చేయాలి.

కిలో రెక్కలకి చెంచాన్నర ఉప్పు, రెండు చెంచాల కారం, అర చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల అల్లంవెల్లుల్లి, కాస్త పెరుగు, ఆవనూనె. కనీసం రెండు గంటలు నానాలి. పాకానికి వంద గ్రాముల బెల్లం, చిన్న నిమ్మకాయంత చింతపండు పులుసు, దంచిన వెల్లుల్లి, కచ్చాపచ్చా ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు. తీగ రాకూడదు, గరిటెకి అంటుకుంటే చాలు. రెక్కల్ని రెండు మూడు నిమిషాలకోసారి పట్టకారుతో తిప్పుతూ అరగంట కాల్చాలి. కీలు దగ్గర కోసి చూస్తే నీరు తేటగా రావాలి. ఆ తర్వాతే కొత్తిమీర కాడల కట్టతో పాకం పూసి, అటో నిమిషం, ఇటో నిమిషం. మళ్ళీ ఒక పూత, దించేయడమే.

ఐదు దాటగానే పొద్దు గుంకింది. రెక్కలు కాలే అరగంటలో పిల్లలు మామ్మగారి చుట్టూ చేరారు. "శుక్రవారం ఏంటి మామ్మా, పోలి అంటే ఎవరు?" అని అడిగారు. ఆవిడ కథ చెప్పారు. అందరికంటే చిన్న కోడలు పోలి. అత్తగారు మిగతా కోడళ్ళతో నదికి స్నానానికి వెళుతూ పోలిని ఇంట్లో వదిలేసింది. ఆ పిల్ల పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికంటిన వెన్నతో దీపం పెట్టి, అత్త చూస్తుందని దాని మీద బుట్ట బోర్లించింది. ఆ దీపానికే స్వర్గం నుంచి విమానం వచ్చింది.

"ఇంట్లో వదిలేసినా ఆవిడ మానలేదు కదా" అంది ఆ అమ్మాయి. మేమెవరం బదులు చెప్పలేదు. మా చేతుల్లో రెక్కలున్నాయి, వేళ్ళకి పాకం అంటుకునుంది. మామ్మగారికి ఇంటినుంచి తెచ్చిన చక్కెర పొంగలి ఆ పిల్లే గిన్నెలో పెట్టి ఇచ్చింది. పోయినేడు రాని రెండు కుటుంబాలూ వచ్చాయి. మేము వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ రోజు గ్రూపులో చేసింది తప్పేనని చెప్పాం. ఈ మాట మీ అందరి ముందూ కూడా చెప్పాలనే ఇంత రాశాం.

2026లో అధికమాసం వల్ల కార్తీకం ఆలస్యం. పున్నమి నవంబరు 24 మంగళవారం, ఛాడఖాయి 25. వనభోజనాలు 29 ఆదివారం, రెక్కలు డిసెంబరు 13 ఆదివారం పెట్టుకుందామని పిల్లలు అంటున్నారు. మీకు సమ్మతమైతే చెప్పండి. ఈసారి ఎనిమిది కిలోలు చెప్పాలి. కట్టెలు ఎవరు తెస్తారో కూడా ఇప్పుడే అనుకుంటే మంచిది. బెల్లం మాత్రం చివర్లో.