గదిలో ఏమున్నది?

పరదేశానికి వెళ్ళిన ప్రయాణికునికి మొదట అవసరమయ్యేది ఆ దేశపు కావ్యభాష కాదు. రాత్రి తలదాచుకొనే చోటును గురించి అడగగల నాలుగు మాటలు. ఇటలీలో వాటిలో మొదటిది 'కామెరా'. అంటే గది. తెలుగువారు కెమెరా అని పిలిచే పరికరానికీ దీనికీ మూలం ఒక్కటే. చీకటిగదిలో చిన్న రంధ్రం గుండా వెలుగు దూరి ఎదుటి గోడపై బొమ్మ పడే ఏర్పాటును లాటిన్‌లో 'కామెరా అబ్స్క్యూరా' అన్నారు. కాలక్రమంలో గది పేరు పెట్టెకు దక్కింది.

పదాలు అచ్చులతో ముగుస్తాయి గనుక తెలుగును 'తూర్పుదేశపు ఇటాలియన్' అన్నారు. ఈ పొగడ్త సభలలో చప్పట్లకు పనికివచ్చినంతగా మరెక్కడా పనికిరాలేదు. దాని అసలు ప్రయోజనం హోటల్ బల్ల ముందు తెలుస్తుంది. అజంత పదాలకు అలవాటుపడిన నాలుకకు ఇటాలియన్ మాటలు బరువుగా తోచవు. వాక్యమూ సులువే. 'చె' అంటే ఉన్నది. 'చి సోనో' అంటే ఉన్నాయి. ప్రశ్నించడానికి పదాల వరుస మార్చనక్కరలేదు, చివర స్వరం పెంచితే చాలు. 'చె లారియా కొందిత్సియొనాతా?' అంటే ఎ.సి. ఉన్నదా అని.

చిక్కంతా ఇంగ్లీషు మీదుగా అర్థం వెతికేవారికే. స్నానపు గదిలో కుళాయి మీద 'సి' అక్షరం చూసి చల్లని నీరనుకొని చేయి పెడితే కాలుతుంది. అది 'కాల్దో', అంటే వేడి. చన్నీటి కుళాయికి గుర్తు 'ఎఫ్'. 'ఫ్రెద్దో' అంటే చల్లనిది. రెండు భాషలకూ చుట్టరికం లేకపోయినా, 'కాల్దో' వినగానే తెలుగు 'కాలు' ధాతువు స్ఫురించినవాడు చేయి కాల్చుకోడు! మరొక మాట 'మాత్రిమొనియాలె'. ఇది దంపతులకు తగిన పెద్ద మంచం ఉన్న గది. ఇద్దరు మిత్రులు తెలియక ఈ మాట వాడితే ఒకే మంచం ఎదురవుతుంది. అద్దెను గురించి అడిగేటప్పుడు బస పన్నును మరువరాదు. రోమ్ నగరం 2011 జనవరి నుండి దానిని తలకు, రాత్రికి లెక్కగట్టి వసూలు చేస్తున్నది.

అడిగే తీరులోనూ తెలుగువారికి అనుకూలత ఉన్నది. 'నీవు', 'మీరు' భేదం ఇటాలియన్‌లోనూ ఉన్నది. చనువుకు 'తూ', గౌరవానికి 'లెయి'. విచిత్రమేమంటే 'లెయి' అంటే 'ఆమె' అని కూడ అర్థం. అయినా గౌరవనీయుడైన పురుషునితోనూ అదే వాడతారు.

అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్ళినవారిది. వెనిస్‌లో పాత ఇండ్లను హోటళ్ళుగా మార్చిన చోట్ల లిఫ్టు లేనివి చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న తల్లి ఇరుకు మెట్ల ముందు నిలబడిన తరువాత అడిగి ప్రయోజనం లేదు. డబ్బు చెల్లించకముందే 'చె లషెన్సోరె?' అనాలి. 'నోన్ చె' అని జవాబు వస్తే, లేదని అర్థం. అప్పుడు 'పియానో తెర్రా'లో గది అడగవచ్చు. ఇక్కడ పియానో అంటే వాద్యం కాదు, అంతస్తు; తెర్రా అంటే నేల.