నెల రోజులు మా ఏలూరొచ్చి పనిచేస్తారా?

డిజిటల్ నోమాడ్ అంటే రీల్స్‌లో ఎప్పుడూ బాలి, గోవాలే. ఒళ్లో లాప్‌టాప్, పక్కన కొబ్బరి బొండాం, వెనక సముద్రం. మా ఏలూరు ఎవరి రీల్‌లోనూ కనిపించదు. అయినా ఈ మధ్య హైదరాబాద్, బెంగళూరు నుంచి 'మీ వైపు ఓ నెల ఉండి పనిచేద్దామనుకుంటున్నా, నెట్ వస్తుందా?' అని మెసేజ్‌లు పెట్టే ఫ్రెండ్స్ ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా. రండి, వచ్చేయండి.

ఈ మాట కొత్తదేం కాదు. మకిమోటో, మానర్స్ అనే ఇద్దరు 1997లోనే 'డిజిటల్ నోమాడ్' పేరుతో పుస్తకం రాశారు. 2020లో ఎస్టోనియా ఇలాంటి వాళ్ల కోసం ప్రత్యేకంగా వీసా పెట్టింది. మనకి వీసాతో పనిలేదు. విజయవాడ నుంచైనా, వైజాగ్ నుంచైనా రత్నాచల్‌లో సీటు దొరికితే చాలు.

నెట్ సంగతి. ఫైబర్ ఉంది, వీడియో కాల్స్ బాగానే నడుస్తాయి. ఇబ్బంది అంతా కరెంటుతోనే, ముఖ్యంగా ఎండాకాలం. గది చూసేటప్పుడు 'ఇన్వర్టర్ ఉందా' అని అడిగి ఊరుకోకండి, రూటర్ ప్లగ్ ఆ ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో చూసుకోండి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు దగ్గర పెట్టుకోండి. అన్నిటికంటే ముందు, వేరే ఊరి నుంచి పనిచేయొచ్చని మేనేజర్ చేత మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో 'ఓకే బ్రో' అంటే లెక్కలోకి రాదు.

గది వెతుకుతుంటే ఇంటివాళ్ల ఆంటీ అడిగే మొదటి ప్రశ్న అద్దె గురించి ఉండదు. "ఉద్యోగం పోయిందా బాబూ?" అంటారు. పగలంతా ఇంట్లో కూర్చుని, రాత్రి పదకొండింటికి ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడేవాడి మీద అనుమానం రాదూ! అమెరికా వాళ్లతో పనండీ, వాళ్లకప్పుడు పగలు అని మొదటిరోజే చెప్పేయండి. రెండో వారం నుంచి సాయంత్రం బజ్జీలు వాళ్లే పంపిస్తారు.

ఏలూరులో కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలుస్తాయి. ఊరి మధ్యలో తమ్మిలేరు. జైపూర్ లాగా మాకూ తివాచీల పేరుంది, మగ్గాలే తగ్గిపోతున్నాయి. టౌన్‌లో అందంగా అలంకరించిన కెఫేల కోసం వెతక్కండి. పొద్దున్నే పెసరట్టు ఉప్మా తిని, మొదటి కాల్‌కి కూర్చుంటే చాలు.

తాడేపల్లిగూడెం రైల్లో గంట లోపే. 2015లో ఎన్ఐటీ వచ్చాక అక్కడ కుర్రకారు సందడి పెరిగింది. దగ్గర్లోనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఉల్లిపాయల మార్కెట్ వాసన మాత్రం స్టేషన్ దిగగానే పలకరిస్తుంది. కోడింగ్ బోర్ కొడితే అక్కడికి వెళ్లి బేరాలు వింటూ నిలబడతాను. మా స్ప్రింట్ ప్లానింగ్ మీటింగ్ కంటే చురుగ్గా ఉంటుంది.

ఇక కొల్లేరు. శనివారం తెల్లారి బైక్ తీసి కైకలూరు దగ్గర ఆటపాకకి వెళ్లండి. అక్టోబరు నుంచి మార్చి వరకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులు గుంపులుగా ఉంటాయి. డ్రోన్ మాత్రం ఎగరేయొద్దు, అది అభయారణ్యం. పిల్లలున్న గూళ్లు వదిలి పక్షులు లేచిపోతాయి.

ఇక్కడి జనంతో మాట్లాడకుండా వెనక్కి రాకండి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని దాని లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించింది. నీళ్లు పారాలంటే, పక్షులు బతకాలంటే చేయక తప్పదన్నారు. నిజమే, బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదంతా ఇందులోంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. గట్లు అడ్డుంటే ఎక్కడికి పోతుంది? 2024 సెప్టెంబరులో బుడమేరు వరదొస్తే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకి నీళ్లొచ్చేశాయి. లంక గ్రామాల్లో అడగండి, ఇంకో లెక్క చెప్తారు. ఒక టీకొట్టు దగ్గర కలిసిన పెద్దాయన, "చెరువు పోయింది, అప్పు ఉండిపోయిందండీ. కాంటూరు మూడుకి దింపితేనే మా పిల్లలు ఊళ్లో ఉంటారు" అన్నారు. నాకు కొల్లేరు ఇంకా కుదించడం ఇష్టం లేదు. ఆయన ఎదుట మాత్రం ఆ మాట అనలేకపోయాను, ఆయన కొడుకు చెన్నైలో ఏసీ మెకానిక్ అని అప్పటికే చెప్పారు మరి.

ఆ కుర్రాడికి వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు. లాప్‌టాప్‌తో ఊళ్లు మార్చే వీలు మనలాంటి కొద్దిమందికే ఉంది, అదీ ఎన్నాళ్లో తెలీదు. నాకూ వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మని మెయిల్ వచ్చింది. నాన్న మోకాలి ఆపరేషన్ డిసెంబరులో. మేనేజర్‌తో ఇంకా మాట్లాడుతున్నాను. కుదరకపోతే వేరే ఉద్యోగం చూసుకోవాలి, ఇప్పటికే రెండు చోట్ల రెజ్యూమె పంపించాను.

మీరు మాత్రం వానలు తగ్గాక రండి. కైకలూరు వెళ్లే ముందు రోడ్డు మీద నీళ్లున్నాయేమో ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి. చేపల పులుసు తినేవాళ్లయితే మా అమ్మకి ఒకరోజు ముందు చెప్పండి, కొరమీను తెప్పిస్తుంది.