జట్టు వెనక నడక

హైదరాబాద్ మూసాపేటలో యాత్రలు నడిపే నాకు ఏడాది పొడవునా బస్సు సీట్లు, గదులు, దర్శనం టికెట్లతోనే పని. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మాత్రం నేనూ నడవాలి. ఇక్కడ స్థిరపడ్డ శ్రీకాకుళం, విజయనగరం వాళ్లలో చాలామందికి సింహాద్రి అప్పన్న ఇలవేల్పు. వాళ్లను విశాఖలో జరిగే గిరి ప్రదక్షిణకు తీసుకెళ్తాను.

కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహగిరిని చుట్టి మళ్లీ అక్కడికే రావాలి. మొత్తం 32 కిలోమీటర్లు. స్వామివారి పుష్పరథం కదిలేది మధ్యాహ్నం. జట్టులో పెద్దవాళ్లుంటే ఎండ ముదరకముందే బయలుదేరదీస్తాను. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దాకా అందరికీ హుషారే. దారంతా మజ్జిగ, పులిహోర పంచేవాళ్లుంటారు. అసలు పరీక్ష అక్కడ చేసే సముద్రస్నానం తర్వాతే.

ఆ రోజుల్లో అలల ఉరవడి ఎక్కువ. మోకాలి లోతు దాటనివ్వను. ఒడ్డుకు రాగానే ఒక్కొక్కరి చేత మంచినీళ్లతో పాదాలు కడిగించి, వేళ్ల సందుల్లో ఇసుక పోయేదాకా పొడిగుడ్డతో తుడిపిస్తాను. చెప్పుల్లేని కాలికి ఇసుక ఒరుసుకుంటే మాధవధార చేరేలోగా పొక్కులు లేస్తాయి. అలాగని ఎక్కువసేపు కూర్చోనివ్వను, పిక్కలు పట్టేస్తాయి.

ఆపైన ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం. ముందు నడిచే కుర్రాళ్ల చేతికి జెండా ఇచ్చి, నేను అందరికంటే వెనక ఉంటాను. మనిషి అలసట వెనకనుంచే తెలుస్తుంది. భుజాలు వాలతాయి, ఒక కాలు ఈడుస్తూ నడుస్తారు.

"నా వల్ల మీకందరికీ ఆలిస్యమైపోతంది బాబూ" అంది ఓ పెద్దావిడ.

"మీ అడుగే మన జట్టు అడుగమ్మా" అని, ముందువాళ్లను ఆపించాను.

ప్రదక్షిణ చేయలేనివాళ్లు పౌర్ణమినాడు కొండపైన ఆలయం చుట్టూ తిరిగే ఆచారం ఉంది. మూసాపేటలో పేర్లు రాసుకునేటప్పుడే ఈ సంగతి చెబుతాను. మధ్యలో ఆగినా మొక్కు తీర్చుకునే దారి ఉందని తెలిస్తే ఎవరూ నొప్పి దాచుకోరు, ముందే చెబుతారు. జట్టును క్షేమంగా తిరిగి తీసుకురావాలంటే నాకు కావలసింది ఆ ఒక్క మాటే.