స్ట్రాకు ఒక బెజ్జం

మా చిన్నతనంలో గోదావరిఖని క్వార్టర్ల వెనక అడవి ఆముదం ఆకు తుంచి, కాడ దగ్గర ఊరే పాల మీద ఊదితే బుగ్గలు లేచేవి. ఆ పాలు కంటికి, నోటికి మంచివి కావు. గింజలు తింటే వాంతులు, విరేచనాలతో ఆస్పత్రికి పోవాల్సిందే. ఇవేవీ మాకెవరూ చెప్పలేదు. మాకేం కాలేదు గనుక ఎవరికీ ఏమీ కాదన్న ధీమా నాలో ఉండిపోయింది.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు సబ్బు బుగ్గలు చేసిపెట్టింది ఆ ధీమాతోనే. బోరునీళ్లలో బట్టల పౌడర్ గుప్పెడు కలిపాను. బుగ్గ నిలవకపోతే ఇంకో గుప్పెడు వేశాను. సబ్బు ఎంత ఎక్కువైతే బుగ్గలు అన్ని వస్తాయనుకున్నాను. కొబ్బరిబోండం స్ట్రాలు చేతికిచ్చి ఊదమన్నాను. చిన్నదానికి ఊదుడేదో పీల్చుడేదో తెలియదు. గుటుక్కున పీల్చింది. దగ్గుతూ అదే తడిచేత్తో కళ్లు నులుముకుంది.

బట్టల పౌడర్‌లో సోడా ఉంటుంది, కళ్లు భగ్గుమంటాయి. నేను గాబరాపడి కక్కించబోతే, నర్సుగా చేసే పక్కింటి అక్క పరుగున వచ్చి ఆపింది. "కక్కియ్యకు తమ్మీ, నురగ ఊపిరితిత్తులల్లకు పోతది. నోరు కడుగు, కండ్లకు నల్లా పెట్టు" అంది. చాలాసేపు నీళ్లు పోశాం. తర్వాత డాక్టర్ చూసి భయం లేదన్నాడు. కళ్ల ఎరుపు మాత్రం తెల్లారినా తగ్గలేదు. కుంకుడు రసం కళ్లల్లో పడితే ఎట్లుంటదో తెలిసి పెరిగినవాణ్ణి, నాకు ముందే తట్టాల్సింది.

ఇప్పుడు స్ట్రా పైభాగాన సూదితో బెజ్జం పెట్టి ఇస్తాను. ఊదితే బుగ్గ వస్తుంది, పీలిస్తే బెజ్జంలోంచి గాలే వస్తుంది తప్ప సబ్బునీళ్లు నోటిదాకా ఎక్కవు. అయినా పక్కన కూర్చోకుండా ఇవ్వను. ఆరు వంతుల ఫిల్టర్ నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక వంతు, కొంచెం చక్కెర కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచుతాను. వట్టి నీళ్ల బిగువుకు పలచని పొర నిలవదు. సబ్బు ఆ బిగువు తగ్గిస్తుంది, చక్కెర నీళ్లను త్వరగా ఆరనివ్వదు. మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మధ్యాహ్నం ఏం కలిపినా పొర ఎండిపోతుంది. పొద్దున్నే ఆడాలి. బుగ్గలో నీరు కిందికి జారేకొద్దీ పైన పొర పలచబడుతుంది, రంగులు పోయి నల్లబారుతుంది, మరుక్షణం పగులుతుంది. పిల్లలు ఆ నలుపు కోసం కన్నార్పకుండా చూస్తారు.

పెద్దోడికి ఇంకొకటి చూపించాను. పళ్లెం నీళ్ల మీద మెత్తటి బొగ్గుపొడి చల్లితే తడవకుండా తేలింది. బొగ్గుకూ నీళ్లకూ పొసగదు. బొగ్గుబాయిలో పనిచేసి వచ్చినవాడి చేతుల నలుపు వట్టి నీళ్లతో వదలకపోయేది అందుకే. సబ్బు అంటిన వేలు మధ్యలో పెట్టమన్నాను. పొడి అంతా ఒక్కసారిగా అంచులకు పరిగెత్తింది, కొంత తడిసి మునిగింది.

"అట్లయితే బాయిల దుమ్ము మీద గూడ సబ్బునీళ్లే కొట్టొచ్చుగద నాన్నా" అన్నాడు. దుమ్మణచే నీళ్లలో అలాంటి మందులు కలిపే గనులు ప్రపంచంలో ఉన్నాయని చెప్పాను.