నార్వేలో జెండా పండుగ

పిల్లలూ! మా నారాయణఖేడులో జెండా పండుగ అంటే ఆగస్టు 15. నార్వే దేశంలో జెండా పండుగ మే 17న వస్తుంది. బెర్గెన్ నగరంలో ఒక మిత్రుడి ఇంట అతిథిగా ఉండి ఆ వేడుక చూసే భాగ్యం నాకు కలిగింది.

నార్వే ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన ఉన్నది. నాలుగు వందల ఏళ్ళకు పైగా అది డెన్మార్కు రాజుల ఏలుబడిలో ఉండేది. 1814లో ఐడ్స్‌వోల్ అనే చోట 112 మంది ప్రతినిధులు చేరి, తమ దేశానికి తామే రాజ్యాంగం రాసుకుని, మే 17న సంతకాలు చేశారు. ఆ ఏడే వారు స్వీడన్ రాజుకు లోబడవలసి వచ్చింది. ఆ బంధం 1905లో గాని తెగలేదు. 1940 నుంచి 1945 వరకు జర్మన్ సైన్యం దేశాన్ని ఆక్రమించినప్పుడు ఈ పండుగను చేసుకోనివ్వలేదు. అందుకే వారికి ఈ రోజంటే ప్రాణం.

ఇంతటి పండుగలో ఊరేగింపు ఎవరిదనుకున్నారు? సైన్యానిది కాదు, పిల్లలది! రాజధాని ఆస్లోలో 1870లో మగపిల్లలతో ఈ ఊరేగింపు మొదలైంది. 1889 నుంచి ఆడపిల్లలూ కలిశారు. అక్కడ రాజుగారి కుటుంబం మేడమీద నిలబడి పిల్లలకు చేతులు ఊపుతుంది.

బెర్గెన్‌లో ఆ రోజు సన్నగా వాన పడుతున్నది. అయినా ఏ బడి పిల్లలు ఆ బడి జెండా వెనుక, బ్యాండు మేళంతో "హుర్రా!" అంటూ నడిచారు. పెద్దలు కుట్టుపనితో మెరిసే తమ ప్రాంతపు దుస్తులు వేసుకుని, దారి పక్కన నిలబడి చూశారు. మా మిత్రుడి పదేళ్ళ కూతురు నా చేతికి కూడా ఒక చిన్న జెండా ఇచ్చింది. నేనూ "హుర్రా!" అన్నాను. ఆ తరువాత ఐస్‌క్రీము తిన్నవాళ్ళకు తిన్నంత!

మర్నాడు ముగ్గురం 643 మీటర్ల ఎత్తున్న ఉల్రికెన్ కొండ ఎక్కాం. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం, సాగుచేయని కొండల్లో, అడవుల్లో ఎవరైనా నడవవచ్చు. పరదేశికీ ఆ హక్కు ఉన్నది. అయితే పైరు తొక్కరాదు. ఇళ్ళకు 150 మీటర్ల లోపల గుడారం వేయరాదు.

నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు పేర్చిన రాతిమెట్ల మీదుగా శిఖరం చేరాం. అక్కడి నుంచి విడ్డెన్ అనే పీఠభూమి దాటి, ఫ్లోయెన్ అనే ఇంకో కొండకు పోవాలని మా ఆలోచన. దారి తెలిసేందుకు అక్కడక్కడ రాళ్ళు గుట్టగా పేర్చి ఉంటాయి. కొంత దూరం పోయామో లేదో, తెల్లని మంచు కమ్మింది. ముందున్న రాళ్ళగుట్ట కనబడలేదు. ఒక్క అడుగు తప్పితే ఏ బండ అంచుకు చేరుతామో తెలియదు.

ఆ చిన్నపిల్ల టక్కున ఆగి, "వెనక్కు పోదాం," అన్నది. తండ్రి మారుమాట లేకుండా వెనుదిరిగాడు. కనబడుతున్న గుట్టను గురుతు పెట్టుకుని, మెట్లదాకా క్షేమంగా వచ్చాం. కొండలెక్కేవారికి నార్వేలో తొమ్మిది నియమాలున్నాయి. వేళ మించకముందే వెనుదిరగాలి, అందులో సిగ్గుపడవలసింది లేదు అన్నది వాటిలో ఒకటి. పిల్లలకు చిన్ననాడే ఇవి నేర్పుతారు.

కొండల మీద తిరిగే స్వేచ్ఛతోపాటు, ఎక్కడ ఆగాలో తెలిసిన వివేకాన్ని కూడా ఆ దేశం తన పిల్లలకు ఇస్తున్నది. వివేకంతో పిల్లలు చెప్పిన మాటను పెద్దలు మన్నిస్తున్నారు. జెండా పండుగనాడు వారిని ముందు నడిపించడంలో వింత ఏమున్నది?