సన్న తీగ

పాత హ్యూలెట్ ప్యాకర్డ్ పవర్ సప్లయ్‌ల మాన్యువల్స్ ఇప్పటికీ స్కాన్ రూపంలో దొరుకుతాయి. 1960లు, 70ల నాటివి. వాటిలో సర్క్యూట్ బొమ్మ మొత్తం ఉంటుంది. దాంతోపాటు ఇది ఎలా పనిచేస్తుందో చెప్పే ఒక అధ్యాయం, పాడైతే ఎక్కడ వెతకాలో చెప్పే ఇంకో అధ్యాయం, విడిభాగాల పట్టిక. టీకా తాత్పర్యాలతో అచ్చేసిన కావ్యంలాగన్నమాట. వాటిని తిరగేస్తుంటే, తయారుచేసినవాడు కొన్నవాణ్ణి తనతో సమానుడిగా చూశాడని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మన చేతికొచ్చే పెట్టెలకు ఆ గౌరవం లేదు. మూత విప్పితే వారంటీ పోతుందన్న స్టిక్కర్ మాత్రం ఉంటుంది.

ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో లెక్చరర్. వాళ్ళ ల్యాబులో ఎనిమిది బెంచ్ పవర్ సప్లయ్‌లున్నాయి. నాబ్ తిప్పి 5 వోల్టులు కావాలంటే 5, 12 కావాలంటే 12 తీసుకునే డబ్బాలు. ఏ ప్రయోగానికైనా మొదట కావలసింది అదే. వాటిలో ఒకటి ఉన్నట్టుండి నాబ్ మాట వినడం మానేసింది. ఎంత తిప్పినా 41 వోల్టులే. 5 వోల్టుల మీద నడవాల్సిన ఒక అమ్మాయి ప్రాజెక్టు బోర్డు దానికి తగిలించగానే కాలిపోయింది. ఇంకో రెండు కూడా అదే దారి పట్టాక, ఎనిమిదింటికీ ‘వాడరాదు’ అని కాగితం అంటించి స్టోర్‌రూమ్‌లో పెట్టారు. తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాస్తే, సర్క్యూట్ ఇవ్వడం కుదరదు, ఆ మోడల్ ఆపేశాం, కొత్తవి కొనుక్కోండి అన్నారు.

“ఒరేయ్, ఒక్కటి బాగైతే మిగతావి మా పిల్లలే చేసుకుంటారు. కాకపోతే వచ్చే నెల తుక్కు వేలంలో పోతాయి. ఆరుగురికో సప్లయ్‌తో ల్యాబు నడపలేక చస్తున్నారా,” అన్నాడు వాడు. రెండు డబ్బాలు కారులో వేసుకొని హైదరాబాద్ తెచ్చాను.

మూత తీస్తే కనిపించినవి తెలిసిన మొహాలే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, సోడా సీసా మూతంత వెడల్పున్న కెపాసిటర్, వెనక హీట్‌సింక్ మీద రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. ఇంతవరకూ ఎవరు చేసినా ఇలాగే చేస్తారు. అసలు ఆలోచన ఉండేది మధ్యలో ఉన్న చిన్న బోర్డు మీద. దాని మీద ఒక 14 కాళ్ళ చిప్పు ఉంది. దాని నంబరును ఎవరో గరుకు కాగితంతో శుభ్రంగా గీకేశారు. ఇది చిప్పు తయారుచేసినవాళ్ళ పని కాదు, డబ్బా చేసినవాళ్ళది. పోటీవాళ్ళు కాపీ కొట్టకుండా.

నా ఉద్యోగంలోనూ రోజూ ఇలాంటిదే. రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయిన కోడ్, దాని పక్కన కామెంట్లుండవు. సాయంత్రాలు పుస్తకాల మీద రాసుకునే అలవాటుంది కాబట్టి ఇంకో పోలిక కూడా తట్టింది. కవి పేరు పోయిన చాటుపద్యం చేతికొస్తే మనం ఏం చేస్తాం? పేరు చెరిపేయొచ్చు గానీ నడకను చెరపలేరు కదా. కందం అయితే ప్రతి అర్ధంలోనూ ఆరో గణం నలమో జగణమో అయి తీరాలి.

ఈ చిప్పులో 1, 8, 14 కాళ్ళకు బోర్డు మీద ఏ దారీ లేదు. ఖాళీ. అలా ఖాళీగా ఉండే పాత చిప్పు ఒకటుంది. 723 అనే వోల్టేజ్ రెగ్యులేటర్, ఫెయిర్‌చైల్డ్‌లో రూపకల్పన చేసినది, 1967లో వచ్చింది. అది అదే అయితే ఆరో కాలు మీద, ఏడో కాలితో పోల్చి కొలిస్తే, 7.15కి కాస్త అటూ ఇటూగా వోల్టులు కనిపించాలి.

ఇక్కడ ‘పోల్చి’ అన్నమాట ముఖ్యం. వోల్టేజ్ అనేది ఒక చోట ఉండేది కాదు, రెండు చోట్ల మధ్య ఉండే తేడా. ఈ డబ్బాలో చిప్పుకి వేరే చిన్న వైండింగ్ నుంచి కరెంటు వస్తోంది. దాని నేల వేరు, డబ్బా రేకు నేల వేరు. రేకుతో పోల్చి కొలిస్తే వచ్చే అంకెలకు అర్థం లేదు. ముందు ఈ బోర్డు దేన్ని నేల అనుకుంటోందో తేల్చుకోవాలి. పుస్తకాల విషయంలో మనం తరచు మరిచిపోయేది కూడా ఇదే. ఏ నేల మీద నిలబడి రాశారో చూడకుండా మన రేకుతో కొలిచేస్తాం.

డబ్బాను నేరుగా ప్లగ్గులో పెట్టలేదు. రేడియో మెకానిక్కుల దగ్గరుండే సీరీస్ బల్బు బోర్డు ద్వారా పెట్టాను. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గుమని వెలుగుతుంది, డబ్బా బతుకుతుంది. బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారింది. ఏడో కాలు మీద నల్ల తీగ, ఆరో కాలు మీద ఎర్ర తీగ. మీటరు 7.12 చూపించింది. 723యే.

పేరు తెలిసింది కాబట్టి దాని డేటాషీట్ నాది. డేటాషీట్ నిఘంటువు లాంటిది. మాటకు అర్థం చెబుతుంది, ఈ వాక్యం ఎందుకిలా ఉందో చెప్పదు. అందుకు బోర్డునే చదవాలి. రెండు వైపులా ఫోటోలు తీసి, ఒకదాన్ని అద్దంలోలా తిప్పి ల్యాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పరిచాను. కరెంటు తీసేసి, కెపాసిటర్‌ని రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్ని బీప్ మీద పెట్టి ఏ చుక్క ఏ చుక్కతో మాట్లాడుతోందో ఒక్కొక్కటే కాగితం మీద గీశాను. రెండు రాత్రులు పట్టింది.

బోర్డు కింద వైపు, రాగి గీతల మీద, ఒక రెసిస్టర్ అడ్డంగా అతికించి ఉంది. పైన దానికి చోటు లేదు, నంబరు లేదు. ఎవరో తర్వాత చేసిన రిపేరా? లేక ఫ్యాక్టరీలోనే ఆఖరి నిమిషంలో చేసిన సవరణా? ప్రక్షిప్తమైతే తీసేయాలి, మూలమైతే ముట్టుకోకూడదు. ఒక్క ప్రతే ఉంటే ఇది తేలదు. సి.పి. బ్రౌన్ ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి పండితులచేత పోల్పించింది ఇందుకే. నా దగ్గరా రెండో ప్రతి ఉంది. దాని మూత విప్పాను. అదే చోట అదే రెసిస్టర్, అదే వంపుతో. మూలమే.

సర్క్యూట్ బొమ్మ లేకుండా రిపేరు చేయడంలో కష్టమంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. సంప్రదాయం తెలిస్తే, ఈ పాఠం ఎక్కడ దారి తప్పిందో కనిపిస్తుంది. కానీ తప్పిన ప్రతి చోటూ లోపం కాదు. కొన్ని రాసినవాడి పద్ధతి, కొన్ని వాడి ఇబ్బంది. వాటిని విడదీయడం రానివాడు బాగున్నదాన్ని ‘సరిచేసి’ పాడుచేస్తాడు. విమర్శలోనూ అంతే.

సరే, అసలు జబ్బు. నాబ్ వినకుండా పూర్తి వోల్టేజ్ వస్తోందంటే మొదటి అనుమానం వెనకనున్న 2ఎన్3055ల మీదికి పోతుంది. అవి షార్ట్ అయితే గేటు విరిగిన కాలవే. కొలిస్తే రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. అంటే గేటు విరగలేదు, ఎవరో తెరవమని చెబుతున్నారు. చెబుతున్నది 723. అది ఎందుకలా చెబుతోంది?

రెగ్యులేటర్ చేసే పని చాలా సాదా. నాబ్ అడిగినదెంత, బయటికి వెళ్ళినదెంత అని రెంటినీ పోలుస్తుంది. తక్కువైతే ఇంకాస్త తెరుస్తుంది, ఎక్కువైతే మూస్తుంది. బయటికి వెళ్ళినదెంతో దానికి తెలియాలి కదా. అందుకని ఔట్‌పుట్ టెర్మినల్ దగ్గరికి రెండు తీగలు వెళతాయి. లావు తీగ కరెంటు మోసుకెళుతుంది. సన్న తీగ అక్కడ ఎంత ఉందో తిరిగొచ్చి చెబుతుంది.

ఈ డబ్బాలో సన్న తీగ చూడ్డానికి బాగానే ఉంది. పైన స్లీవు కూడా చెక్కుచెదరలేదు. కానీ టెర్మినల్ నుంచి బోర్డుకి బీప్ రాలేదు. స్లీవు కోసి చూస్తే లోపల రాగి తెగిపోయి ఉంది. కారణం ముందు వైపు కనిపించింది. టెర్మినల్ వెనక నట్టు వదులైంది. బ్యాచి తర్వాత బ్యాచి పిల్లలు దాన్ని బిగించిన ప్రతిసారీ టెర్మినల్ మొత్తం కొంచెం తిరిగింది, దాంతోపాటు తీగ మెలిపడింది. లావు తీగ తట్టుకుంది, సన్నది తట్టుకోలేకపోయింది.

చిప్పు తప్పేమీ లేదు. ఎంత పోసినా అవతలి నుంచి జవాబు లేదు. ఇంకా చేరలేదేమో అనుకొని ఉన్నదంతా పోసింది. పాడైన యంత్రం సాధారణంగా పని మానేస్తుందనుకుంటాం. ఇది పని మానలేదు, వినడం ఆగిపోయింది. ఆ అమ్మాయి బోర్డు కాలింది అందుకు.

కొత్త తీగ అతికించాను. నట్టుకి స్ప్రింగ్ వాషర్ వేశాను. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి బోర్డు మీదే లావు తీగకీ సన్న తీగకీ మధ్య కలిపాను. మళ్ళీ సన్న తీగ తెగినా ఈ అడ్డదారిన కాస్త కబురు చేరుతుంది, వోల్టేజ్ పరిగెత్తదు. మంచి సప్లయ్‌లలో ఇది ముందే ఉంటుంది. ఇది మాత్రం నా ప్రక్షిప్తం. రేపు మూత విప్పేవాడు తికమక పడకుండా దాని పక్కన మార్కర్‌తో తేదీ వేశాను.

నేను గీసిన బొమ్మను శుభ్రంగా తిరిగి గీసి మూత లోపలి వైపు అంటించాను. పూర్తి బొమ్మ కాదది. ప్యానెల్ మీటరు బోర్డును ఒక ఖాళీ గడిగా వదిలేశాను. మనకు కావలసిన జవాబు దాని గుండా వెళ్ళలేదు. బొమ్మ ఎనిమిది కాపీలు తీసి పంపాను.

నెల తర్వాత మావాడు ఫోన్ చేశాడు. 41 వోల్టుల డబ్బాలు మూడింటిలోనూ తెగింది ఆ తీగే. మిగతా వాటిలో ఒకదానికి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. ఏడు బల్లల మీదికొచ్చాయి. వేలం జాబితాలోంచి వాటి నంబర్లు కొట్టేయించాడట. వాట్సాప్‌లో ఒక మూత లోపలి ఫోటో పంపాడు. నేను ఖాళీగా వదిలిన గడిలో ఎవరో నీలం ఇంకుతో రెండు రెసిస్టర్లు గీసి, వాటి విలువలు రాశారు. కింద పేరు లేదు. పక్కన తేదీ ఉంది.